ముగ్గు తినడానికొచ్చిన ఎకిడ్నా

క్యాంపు పేరు మాత్రం అడగకండి. ఎక్కడా రాయనని అక్కడి రేంజరమ్మకి మాటిచ్చాను. కూనబరాబ్రాన్ అనే ఊరు దాటాక, ఎర్రకొండల మధ్య ఒక వాగు పక్కన ఉందని మాత్రం చెప్పగలను. అంతకంటే వివరం ఇస్తే ఏమవుతుందో సగం చదివేసరికి మీకే తెలుస్తుంది.

మేమిద్దరం సిడ్నీలో బ్లాక్‌టౌన్ వాళ్ళం, అంతకుముందు తెనాలి వైపు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని రక్తపు చుక్కలు చూశాను. మా ఆయన దాదాపు అన్నేళ్ళూ రైళ్ళకి టైమ్‌టేబుళ్ళు వేశారు. ఇద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. ఆయన సోఫాలో కూర్చుని తెలుగు న్యూస్ చానళ్ళ చర్చలు చూడటం మొదలుపెట్టారు. నేను ఒక పాత కారవాన్ కొన్నాను. అంటే మంచం, పొయ్యి, ఫ్రిజ్ ఉన్న చిన్న గదన్నమాట. కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. ఈ దేశంలో మనుషుల రక్తం రోజూ చూశాను గానీ దేశాన్ని మాత్రం చూడనేలేదని నా బాధ.

"ఈ వయసులో గుడిసె లాక్కుంటూ ఊరేగడం ఏంటే విశాలా?" అన్నారాయన.

వారం రోజులు వాదించుకుని ఒక ఒప్పందానికొచ్చాం. ఒకే ఒక్క ట్రిప్పు. తిరిగొచ్చాక ఆయన వద్దంటే కారవాన్ అమ్మెయ్యాలి, నేను మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. కొనడానికి ఆయన స్నేహితుడు మూర్తిగారు సిద్ధంగా ఉన్నారు. మేం బయల్దేరకముందే టేపు తెచ్చి మరీ కొలుచుకుపోయారు.

ఉన్నది ఒక్క ట్రిప్పే కదా అని నేను కాస్త పొడుగాటిది వెతికాను. ఇక్కడి అడవుల్లో జనం డేరాలు వేసుకునే చోట్లకి రిటైరైన జంటలు వాలంటీర్లుగా వెళ్ళి కొన్ని వారాలపాటు ఉంటారు. వాళ్ళని క్యాంప్ హోస్టులంటారు. జీతం ఉండదు గానీ ఉండే చోటు ఉచితం. వచ్చినవాళ్ళని పలకరించాలి, రూల్స్ చెప్పాలి, మరుగుదొడ్లు కడగాలి. సెప్టెంబరులో నాలుగు వారాలకి ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. దొడ్ల సంగతి మాత్రం ఆయనకి లిత్‌గో దాటాక చెప్పాను. అప్పటికే కొండ దిగిపోయాం, కారవాన్‌తో వెనక్కి తిప్పడం ఆయనకి రాదు.

మడ్జీలో ఉగ్గు బూట్లావిడ

వెనక్కి తిప్పడం రాదని మొదటి సాయంత్రమే మడ్జీ ఊరంతటికీ తెలిసింది. ఆ రాత్రికి ఆగిన కారవాన్ పార్కులో బండిని వెనక్కి నడిపి మాకిచ్చిన గడిలో పెట్టాలి. నేను వెనక నిలబడి "రండి, రండి" అంటాను. ఆయన కుడికి తిప్పితే బండి ఎడమకి పోతుంది. మూడుసార్లు ప్రయత్నించాం, మూడోసారి పక్కవాళ్ళ బట్టల తాడు మా బండికి తగులుకుని, ఎవరిదో నైటీ మా కిటికీ మీద జెండాలా వేలాడింది.

ఆ నైటీ యజమానురాలే బయటికొచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఉన్ని ఉగ్గు బూట్లు, చేతిలో టీ కప్పు. "తాళాలిలా ఇవ్వండి" అని తీసుకుని, కప్పు నా చేతికిచ్చి, ఒక్క ఊపులో బండిని గడిలో పెట్టేసింది. దిగి, "నా మొదటి పెళ్ళి ఇలాంటి చోటే చెడింది. రేపట్నుంచి ఇద్దరూ మాట్లాడుకోకుండా చేతులు మాత్రమే ఊపుకోండి" అని సలహా ఇచ్చి, టీ కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. నేను ఆవిడ పేరైనా అడగలేదు.

రెండో రోజంతా పసుపు. రోడ్డుకి రెండువైపులా వాటిల్ చెట్లు విరగబూసి ఉన్నాయి, పసుపు కొమ్ములు దంచి చల్లినట్టు. ఆ దారుల్లో ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగ్ మీంచి ఒక వేలు లేపి పలకరిస్తాడు. సిడ్నీలో వేలు లేపితే అర్థం వేరు కాబట్టి మా ఆయన మొదట కంగారుపడ్డారు. సంగతి తెలిశాక ముచ్చటపడి, ఎదురొచ్చిన గొర్రెల లారీకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. నేను అరిచిన అరుపుకి మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నారు.

కూనబరాబ్రాన్ బేకరీలో కాఫీ ఆరు డాలర్లు. అడవికి దగ్గరవుతున్నకొద్దీ చవకవ్వాలి కదా అని ఆయన లెక్క. బేకరీ అమ్మాయి కూరగాయల పఫ్ లాంటి 'పై' ఒకటి వేడిచేసి ఇస్తూ ఎక్కడికని అడిగింది. నాలుగు వారాలు ఇద్దరమే ఉంటామని చెబితే మావైపు జాలిగా చూసి, "గురువారానికల్లా మాటలయిపోతాయి" అంది. మాకు పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు, మాటలు ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు నడుస్తున్నది దెప్పుళ్ళ మీదే అని చెబుదామనుకుని ఊరుకున్నాను.

నాలుగు దొడ్లు, ఒక టైమ్‌టేబుల్

క్యాంపు దగ్గర రేంజర్ జోడీ మాకోసం కాచుకుని ఉంది. నలభై ఏళ్ళ మనిషి, పెద్ద టోపీ, తక్కువ మాటలు. ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషే, మీకోసం తెలుగులో పెడుతున్నాను. రెండు నారింజ రంగు కోట్లు, తాళాలు, బ్రష్షులు ఇచ్చి ఇలా చెప్పింది.

"రూల్స్ చాలా ఉన్నాయి గానీ అన్నిటికంటే పెద్దది ఒకటే. అడవి జంతువులకి ఎవరూ ఏమీ పెట్టకూడదు. రొట్టె తునక కూడా. చివర్లో నేను ఒక్కొక్కరి మీదా రిపోర్టు రాస్తాను. అది బాగుంటేనే ఇంకో పార్కు మిమ్మల్ని తీసుకుంటుంది."

నేను తల ఊపాను. మా ఆయన కళ్ళు దొడ్ల మీదున్నాయి. నాలుగున్నాయి. నీళ్ళుండవు, లోతైన గుంట మీద పీట. మొదటిరోజు ఆయన బ్రష్షు పట్టుకుని ధైర్యంగా వెళ్ళి, తలుపు తీసి, వెంటనే మూసి, "సారీ" అని వెనక్కొచ్చారు.

"ఏమైందండీ?"

"లోపల ఎవరో ఉన్నారు."

వెళ్ళి చూస్తే గోడ మీద అరచేయంత సాలీడు. దాన్ని నేనే చీపురుతో సాగనంపాను.

చెప్పొద్దూ, మనిషి ఎంత గొణిగినా పని మాత్రం ఎగ్గొట్టలేదు. మూడోరోజుకి కారవాన్ ఫ్రిజ్ మీద ఒక టైమ్‌టేబుల్ వెలిసింది. ఏడూ పదికి ఒకటో దొడ్డి, ఏడూ ఇరవై రెండుకి రెండోది, ఆదివారాల్లో ఐదు నిమిషాలు ఆలస్యం. పక్కనే క్యాలెండరు. రోజూ పొద్దున్నే లేవగానే ఎర్ర పెన్నుతో ఒక గడి కొట్టేసేవారు. "ఇంకా ఇరవై నాలుగు" అనేవారు పైకి, నాకు వినబడేలా. రెండు డిగ్రీల చలి, మధ్యాహ్నమైతే ఈగలు, ఫోను సిగ్నల్ లేదు. ఆయన తప్పేమీ లేదు, ఆయనకి నిజంగానే నచ్చలేదు. నాకేమో పొద్దున్నే కారవాన్ తలుపు తీస్తే ఎదురుగా నాలుగు కంగారూలు గడ్డి మేస్తూ తలెత్తి చూస్తుంటే, ముప్పై ఏళ్ళు కిటికీ లేని గదిలో కూర్చున్న మనిషిని, ఇంత ఆకాశం ఏం చేసుకోవాలో తెలిసేది కాదు.

రూల్స్ చెప్పే పని నాది. అందులో నేను జోడీని మించిపోయాను. ఒక పెద్దమనిషి కూకబుర్రా పిట్టకి సాసేజ్ ముక్క విసరడం చూసి పది నిమిషాలు క్లాసు పీకాను. మీరు పెట్టిన తిండికి అలవాటుపడితే అది వేట మరిచిపోతుంది, రోగాలొస్తాయి అని. ఆ తర్వాత నేను అటు వెళ్తే చాలు, ఆయన తన చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయని ఎత్తి చూపించేవాడు.

మా పక్క గడిలో బ్యారీ. డెబ్బై ఆరేళ్ళు. గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేసి నడుం వంగిపోయింది. భార్య పోయి ఎనిమిదేళ్ళు, అప్పట్నుంచీ వ్యాన్‌లోనే ఊళ్ళు తిరుగుతున్నాడు. ఇక్కడొక ఆచారం ఉంది. సాయంత్రం నాలుగింటికి అందరూ ఒకచోట కూర్చుంటారు, కానీ ఎవరి కుర్చీ వాళ్ళది, ఎవరి గ్లాసు వాళ్ళది, ఎవరి వేరుశనగలు వాళ్ళవి. మనింట్లోనైతే వచ్చినవాళ్ళు కుర్చీ తెచ్చుకున్నారంటే ఆ అవమానం మూడు తరాలు చెప్పుకుంటారు. నాకు మనసొప్పక ఒకరోజు మినప్పిండి రుబ్బి, బ్యారీ దగ్గరున్న ఇనప కుండలో, కిందా పైనా నిప్పులు వేసి దిబ్బరొట్టె కాల్చాను. బ్యారీ అదే నిప్పుల మీద వాళ్ళ డ్యాంపర్ రొట్టె కాల్చాడు. మా ఆయన డ్యాంపర్‌లో ఆవకాయ నంజుకున్నారు. బ్యారీ దిబ్బరొట్టె మీద బెల్లప్పాకంలాంటి గోల్డెన్ సిరప్ పోసుకుని, కళ్ళు మూసుకుని తిని, "విష్, ఇది నా మొదటి ముద్దులా ఉంది, పైన మాడింది, లోపల మెత్తగా ఉంది" అన్నాడు. విశాల అనడానికి అతనికి నోరు తిరగదు. మా ఆయన ముఖం తిప్పుకుని నవ్వారు. వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఏడు చుక్కలు

ఆరో రోజు పొద్దున కారవాన్ మెట్టు దిగుతుంటే, ముందున్న ఎర్రమట్టి నేల చూసి నా చెయ్యి దురదపెట్టింది. బ్లాక్‌టౌన్‌లో మా ఇంటి ముందంతా కాంక్రీటు. దాని మీద సుద్దతో గీస్తే గీశాననిపించదు. ఇక్కడ అసలైన నేల ఉంది. చల్లడానికి నీళ్ళు వృథా చెయ్యకూడదు కాబట్టి బియ్యం కడిగిన నీళ్ళు చిలకరించాను.

"పేడ లేకుండా కళ్లాపేంటి? కంగారూది తెచ్చిపెట్టనా?" అన్నారాయన తలుపులోంచి.

"దొడ్ల టైమైంది, వెళ్ళండి" అన్నాను.

డబ్బాలో బియ్యప్పిండి ఉంది. ఏడు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేశాను. మా నాయనమ్మ ముగ్గులో సున్నం కలపనిచ్చేది కాదు. పొద్దున్నే మన గడపలో మొదట తినేది చీమ కావాలి, అదే ముగ్గు పుణ్యం అనేది. ఆ మాట తలుచుకుంటూనే వేశాను. అయినా నా బుర్రకి ఏమీ వెలగలేదు.

గంటన్నర తిరక్కుండా చీమలొచ్చాయి. ఇక్కడి చీమలు ఎర్రగా, పెద్దగా, కూలికొచ్చినట్టు బారులు తీరి వస్తాయి. మర్నాడు ఇంకా ఎక్కువొచ్చాయి. తొమ్మిదో రోజున, తొమ్మిది గంటలకి, ఆ చీమల కోసం అది వచ్చింది.

దారికి అవతల వాగు పక్కనున్న పొదల్లోంచి, ఊగుతూ, ఎవరినీ పట్టించుకోకుండా, ఒక ఎకిడ్నా. ఒళ్ళంతా ముళ్ళు, ముందర పెన్సిలంత ముక్కు. కొబ్బరిపీచు కుప్పకి కాళ్ళొచ్చినట్టుంటుంది. నేరుగా ముగ్గు దగ్గరికొచ్చి, నాలుక చాపి, నా మెలికలన్నీ చీమలతో సహా నాకేసి, తీరిగ్గా వెళ్ళిపోయింది. బ్యారీ కుర్చీ మా వైపు తిప్పుకుని, "ఎనిమిదేళ్ళుగా ఇలాంటి అడవుల్లో తిరుగుతున్నాను, ఇంత మర్యాదగా బ్రేక్‌ఫాస్ట్‌కి వచ్చినదాన్ని చూళ్ళేదు" అన్నాడు. నేను మురిసిపోయాను. రెండోరోజూ వచ్చింది, మూడోరోజూ వచ్చింది. నేను పదకొండు చుక్కలకి పెంచాను. పక్కనే బోర్డు మీద "జంతువులకి ఆహారం పెట్టరాదు" అని రాసుంది. ఆ బోర్డుని రోజూ తుడిచేది నేనే.

రెండో వారాంతంలో సిడ్నీ నుంచి ఒక తెలుగు కుటుంబం దిగింది. సందీప్‌ది కరీంనగర్, చదువుకోడానికొచ్చి ఎలక్ట్రీషియనై స్థిరపడ్డాడు. భార్య లావణ్య వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నర్సు. ఆరేళ్ళ పాప ఐరా. ముగ్గురికీ పదిహేను మందికి సరిపడా బిర్యానీ.

పొద్దున్నే ముగ్గు చూసి సందీప్ అక్కడే ఆగిపోయాడు. "ఆంటీ, గిది మా అమ్మ ఏసే ముగ్గు లెక్కనే ఉన్నది. ఎన్ని దినాలైందో గిట్ల మట్టి మీద చూసి."

పాప గొంతుకూర్చుని, "ఈజ్ ఇట్ ఎ మేజ్, ఆంటీ? హూ లివ్స్ ఇన్ ద మిడిల్?" అంది.

"ఎవరూ ఉండరమ్మా, చీమలొస్తాయి. చీమల కోసం ఇంకొకరొస్తారు, చూడు."

తొమ్మిదింటికి ఆ ఇంకొకరు వచ్చారు. పాప గంతులు. లావణ్య వీడియో తీసింది. "ఆంటీ, మా తెలుగు గ్రూపుల పెడ్త, అందరు మస్తు ఖుషీ అయితరు" అంది. పెట్టమ్మా అన్నాను. నా జడ సరిగ్గా కనబడుతోందా అని కూడా అడిగాను.

పదకొండు కార్లు

తర్వాతి శనివారం ఎనిమిదిన్నరకి మొదటి కారొచ్చింది. తొమ్మిదికల్లా పదకొండయ్యాయి. అన్నీ మనవాళ్ళవే, లావణ్య పెట్టిన వీడియో చూసినవాళ్ళవే. ఎవరూ బుకింగు చేసుకోలేదు, ముందురోజు ఊళ్ళో మోటెళ్ళలో దిగి పొద్దున్నే దర్శనానికొచ్చారు. నిజంగా దర్శనానికే. కోటేశ్వరమ్మగారని, మా బ్లాక్‌టౌన్ ఆవిడే, ఎకిడ్నా రాగానే చెప్పులు విడిచి, "ఇది వరాహస్వామి అంశ అండీ, ఆ ముక్కు చూడండి" అని చేతులు జోడించారు. ఇంకొకావిడ చీమలకని కేజీ పంచదార తెచ్చింది. ఒకాయన చలిమిడి తెచ్చాడు. నేను కోటు వేసుకుని అటూ ఇటూ పరిగెడుతూ, "పెట్టకూడదండీ, రూలండీ, ఫైనండీ" అని అరుస్తున్నాను.

"మరి మీరు పెట్టారుగా?" అన్నారు కోటేశ్వరమ్మగారు.

అరుపు ఆపి కిందికి చూశాను. తెల్లటి పిండి, దాని మీద చీమలు, వాటి మీద ఎకిడ్నా, చుట్టూ ఫోన్లు పట్టుకుని నలభై మంది. సాసేజ్ పెద్దమనిషికి నేను పీకిన క్లాసు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

జోడీ వచ్చింది

సోమవారం పొద్దున నేను ముగ్గు వెయ్యలేదు గానీ పాత పిండి నేలలో ఇంకా ఉంది. జోడీ జీపు దిగి, వంగి, వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుంది.

"పిండి" అంది.

నేను నోరు తెరిచేలోపు మా ఆయన బ్రష్షు పట్టుకునే ముందుకొచ్చారు. "బియ్యప్పిండి. నేనే వేశాను."

నేను తెల్లబోయాను. జోడీ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మీరా? రోజూనా?"

"రోజూ. ఏడూ ఐదుకి."

"ఎలా వేస్తారో చూపించండి."

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన ముగ్గు తొక్కడం చూశాను గానీ వెయ్యడం చూళ్ళేదు. పిండి వద్దని జోడీ చెప్పడంతో గుప్పెడు ఇసక తీసుకుని, మోకాళ్ళు పటపటమంటుండగా గొంతుకూర్చున్నారు. చుక్కలు మాత్రం, ఒప్పుకోవాలి, స్కేలు పెట్టినట్టు వచ్చాయి. తర్వాత వాటిని కలపాలి. మెలిక ఎలా తిప్పాలో తెలీక గీతలన్నీ తిన్నగా లాగి, రెండు చోట్ల క్రాసింగు పెట్టి, చివరికి ఒక లూప్ లైనుతో ముగించారు. బ్యారీ కుర్చీలోంచి తొంగిచూసి, "సెంట్రల్ స్టేషన్‌లా ఉంది మేట్" అన్నాడు.

జోడీ నవ్వలేదు. "మిస్టర్ రావ్, మీరు దొడ్లు కడిగినంత బాగా అబద్ధం ఆడలేరు" అంది.

అప్పుడు నేను చెప్పేశాను. మా వైపు పొద్దున మొదటి తిండి చీమకి పెడతామని, ఆ అలవాటులో వేశానని, చీమల వెనకాల అది వస్తే ముచ్చటపడ్డానే తప్ప ఆలోచించలేదని, నలభై మందికి రూల్ చెప్పి నేనే తప్పానని. జోడీ తిడుతుందనుకున్నాను. తిట్టకుండా ఆ జంతువు నడిచొచ్చే దారి చూపించింది. వాగు నుంచి మా గడికి మధ్యలో కార్లు తిరిగే మట్టిరోడ్డుంది.

"అది ఇంతకుముందు ఈ రోడ్డు దాటేది కాదు. ఇప్పుడు మీకోసం రోజూ దాటుతోంది. కారు వెనక్కి తిప్పేవాడికి అంత చిన్న ప్రాణి కనబడదు" అంది. "ఆదివారం వరకూ చూస్తాను. అప్పటికీ రోడ్డు దాటుతూనే ఉంటే రిపోర్టులో రాయక నాకు వేరే దారి లేదు."

జీపు వెళ్ళిపోయాక ఆయన్ని నిలదీశాను. "ఎందుకా అబద్ధం? నన్ను తీసేస్తే మీకే కదా సుఖం? ఈ పూటే ఇంటికి పోయేవాళ్ళం."

"రిపోర్టులు ఇద్దరివీ వేరువేరు" అన్నారు బ్రష్షు దులుపుకుంటూ. "నా పేరు కొట్టేసినా నీది ఉంటుంది."

అది ప్రేమో, దొడ్లు తప్పించుకునే ఎత్తో నాకు తేలలేదు. అడిగితే రెండూ చెడిపోతాయని అడగలేదు.

ఎకిడ్నా గేటు

ఇద్దరం కలిసి నేలంతా గీకి, పిండి కలిసిన మట్టిని బస్తాలకెత్తి బయట పారబోయించాం. కానీ ఎకిడ్నాకి ఆ సంగతి ఎవరు చెబుతారు? మంగళవారం మళ్ళీ బయల్దేరింది. అప్పుడు చూశాను మా ఆయన్ని. నారింజ కోటు వేసుకుని, ఎర్ర బకెట్ మూత ఒక కర్రకి కట్టి, రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నారు. రెండు కార్లు ఆపి ఉంచారు. ఒక డ్రైవరు దిగి, ఎంతసేపని అడిగాడు.

"ఎనిమిదీ యాభై రెండు సర్వీసు. రెండు నిమిషాలు లేటు" అన్నారు మా ఆయన, వాచీ చూసుకుంటూ.

ఎకిడ్నా దాటింది. మా గడికొచ్చి, శుభ్రమైన నేలంతా వాసన చూసి, మోసపోయినదానిలా కాసేపు నిలబడింది. డబ్బా లోపలే ఉంది, చిటికెడు వేస్తే ఎవరు చూడొచ్చారు అనిపించింది. తలుపు వేసుకుని లోపల కూర్చున్నాను.

బుధవారం తొమ్మిదీ ఐదుకి వచ్చి, తొందరగా వెళ్ళిపోయింది. గురువారం రోడ్డు మధ్యదాకా వచ్చి, ఆగి, ఆలోచించుకుని వెనక్కి తిరిగింది. ఇవన్నీ ఆయన లాగ్ బుక్కులో రాశారు, ఎంత లేటో నిమిషాలతో సహా. శుక్రవారం ఎనిమిదీ నలభై నుంచి పదింటిదాకా ఆ బకెట్ మూత పట్టుకుని నిలబడి, ఒంటరిగా తిరిగొచ్చారు.

"రాలేదు" అన్నారు.

"మంచిదేగా?"

"మంచిదే" అని కూర్చుని, చాలాసేపు వాగు వైపు చూశారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఇద్దరికీ ఏడుపుగానూ ఉంది, గెలిచినట్టుగానూ ఉంది. శనివారమూ రాలేదు.

ఆదివారం జోడీ వచ్చేసరికి మా ముందు ముగ్గుంది. కంగారుపడకండి, బూడిదతో వేశాను. డేరాలవాళ్ళు చలిమంటలేసుకునే గుంటలు శుభ్రం చేసే పని కూడా మాదే, చల్లారిన బూడిదని మా ఆయనే జల్లించి తెచ్చిచ్చారు. ఒక్క చీమ కూడా దాని మొహం చూడలేదు. జోడీ లాగ్ బుక్కు చదివింది. ఎకిడ్నా లేటు నిమిషాలు వచ్చినచోట మాత్రం టోపీ కిందికి లాక్కుంది, నవ్వు దాచుకోడానికేమో. తర్వాత మా రెండు రిపోర్టులూ మా ఎదురుగానే రాసింది. ఆయనదాంట్లో "రోడ్డు భద్రతలో అనుభవం ఉంది" అని. నాదాంట్లో "మంచి హోస్టు. పిండికి దూరంగా ఉంచాలి" అని.

తిరుగు దారి

బ్యారీ మా బండికి బ్రేకు లైట్లు చూసిపెట్టి, నన్ను గట్టిగా కావలించుకుని, ఇనప కుండ నాకే ఇచ్చేశాడు. నేను ఆవకాయ సీసా ఇచ్చాను. మళ్ళీ ఎక్కడ కలుస్తామో ఇద్దరికీ తెలీదు. ఇక్కడివాళ్ళు దానికి పెద్ద బాధపడరు, "రోడ్డు మీద కనబడతాలే" అంటారు. నాకది ఇంకా అలవాటు కాలేదు.

బయల్దేరాం. రిపోర్టు చేతిలో ఉంది, ఏ పార్కైనా తీసుకుంటుంది. కానీ లాక్కుపోయే బండి ఉండాలిగా. ఆ పొద్దున కూడా ఆయన క్యాలెండర్లో ఆఖరి గడి కొట్టేశారు, రోజూలాగే. నాలుగు వారాల్లో ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. ఒప్పందం ఒప్పందమే, ఊసెత్తనని మాటిచ్చాను.

డూనెడూ అనే ఊరి దగ్గర ఫోనుకి సిగ్నల్ వచ్చింది. రాగానే మోగింది. మూర్తిగారు. మా ఆయన డ్రైవ్ చేస్తున్నారు కాబట్టి కారు స్పీకర్లోనే మాట్లాడారు.

"రావుగారూ, వచ్చేస్తున్నారా? శనివారం వచ్చి బండి తీసుకుపోనా?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"లేదండీ, అమ్మట్లేదు" అన్నారు మా ఆయన.

"అదేంటండీ, అంత నచ్చిందా?"

"నచ్చడమా? ఒక్క రోజూ నచ్చలేదండీ. చలి, ఈగలు, ఆ దొడ్లు. వద్దు బాబోయ్, మీరైతే వెళ్ళకండి." ఎదురొచ్చిన కారుకి ఒక వేలు లేపి పలకరించారు. "కానీ మూర్తిగారూ, పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఆవిడ పనిచెయ్యడమే చూశాను. ఇంట్లో పని, ఆఫీసు పని. ఈ నెల్లాళ్ళూ ఆడుకుందండీ. చిన్నపిల్లలాగా. నాతో ఉండే ఆవిడ ఇలా ఉంటుందని నాకు తెలీదు. ఇంకా కొన్నాళ్ళు చూడాలని ఉంది."

మూర్తిగారు ఏదో అన్నారు, నాకు వినబడలేదు. ఏడుపొచ్చేసింది. ఆపుకోలేదు, దాచుకోలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన హడలిపోయి బండి రోడ్డు పక్కకి తీశారు. "ఏమైందే? అమ్మట్లేదని చెప్పానుగా! మళ్ళీ ఎందుకు ఏడుపు?"

"చెప్పారు" అన్నాను ముక్కు చీదుకుంటూ. "పోనివ్వండి. వెనక లారీ వస్తోంది."